ముగింపు ఆలస్యంగా నడుస్తున్నది

మామయ్యకు మేనకోడలు నమస్కరించి రాస్తున్నది.

ఇక్కడ అందరూ కులాసా, నేను తప్ప. మళ్లీ ఒక ఆపెరా కట్టాను. కంగారుపడకు, నాటకమే. కాకపోతే మంచినీళ్లు కావాలన్నా పాడే అడుగుతారు. ఈసారి నవ్వులాటది. రాజకుమారి బంగారు బంతి బావిలో పడుతుంది. కప్ప తీసిస్తుంది, బదులుగా నీ కంచంలో తింటానంటుంది. ఆ పాత కథే. చివర మాత్రం మార్చాను. కప్ప రాజకుమారుడైపోదు, కప్పగానే ఉంటుంది. ఆ పిల్లే దాని దగ్గర ఈత నేర్చుకుంటుంది.

పోయినసారి పాటల్లో కథ అర్థంకాక జనం సగంలోనే లేచిపోయారు. ఈసారీ అంతే అయితే హాలు పరుపుల గోదాముకి ఇచ్చేస్తానని మేనేజరు తేల్చి చెప్పాడు. ఇక నా ఆపెరాలకి నీళ్లొదులుకోవడమే. రిటైరయ్యేదాకా స్టేషను మైకులో రైళ్ల రాకపోకలు చెప్పినవాడివి, నీ మాట అర్థంకానివాడు ఉండడు. ముందుగా జనానికి కథ చెప్పిపెట్టు మామయ్యా.

నీ మేనకోడలు

తా.క. కప్ప వేషం మా బేకరీ ఆయనది. గొంతు సరిగ్గా సరిపోయింది. పొట్టే కప్పకి కాస్త ఎక్కువైంది.

*

అమ్మాయికి మామయ్య ఆశీస్సులు.

ముందుగా చెప్పమన్నావు కనుక ఉత్తరం అందిన పూటే మొదలుపెట్టాను. సెలూన్లో, పోస్టాఫీసు వరసలో, పళ్ల డాక్టరు దగ్గర నోళ్లు తెరుచుకు కూర్చున్నవాళ్లకి, అందరికీ బంతి నుంచి ఈత దాకా రెండేసి సార్లు చెప్పాను. ఏదైనా ఒక్కసారే చెబితే ఎవడూ నమ్మడు, అది నా అనుభవం. ఇక నువ్వు నిశ్చింతగా ఉండు.

మీ మామయ్య

తా.క. కథంతా తెలిసిపోయింది కదా, ఇక టిక్కెట్టు దేనికని సెలూన్ ఆయన అడిగాడు. మంచి ప్రశ్నే. ఏం చెప్పమంటావు?

*

మామయ్యా, నమస్కారం. కొంప ముంచావు!

ముందుగా అంటే తెర లేచే ముందు, స్టేజీ మీద! ఊరంతా తిరిగి కాదు. అందులోనూ ముగింపు చెప్పేస్తారా ఎవరైనా? నవ్వంతా అక్కడే ఉంది. మీ ఊరి నుంచి రైల్లో వచ్చేవాళ్లే నా హాల్లో సగం మంది. వాళ్లు రాకపోతే పరుపులొస్తాయి. నీకు పుణ్యముంటుంది, చెప్పిన ముగింపు ఎలాగోలా వెనక్కి తీసుకో. స్టేజీ మీద కూడా అదేమిటో చెప్పకు.

ఏడుపొక్కటే తక్కువైన నీ మేనకోడలు

తా.క. "మా తమ్ముడు చిన్నప్పుడూ ఇంతే" అంటోంది అమ్మ. ఏం చేశావని అడిగితే చెప్పదు, ఒకటే నవ్వు.

*

అమ్మాయికి ఆశీస్సులు.

తప్పు ప్రకటన ఇస్తే ఏం చేయాలో నాకొకరు నేర్పాలా? మళ్లీ అన్ని చోట్లకీ వెళ్లాను. "దయచేసి గమనించగలరు. ఇంతకు ముందు ప్రకటించిన ముగింపు రద్దయినది. అసౌకర్యానికి చింతిస్తున్నాము" అన్నాను. మరి కొత్తదేమిటని అడిగారు. సమాచారం అందలేదన్నాను. దాంతో ఊరు రెండు ముక్కలైంది. కప్ప మనిషవుతుందని సెలూన్ ఆయన, ఛస్తే అవ్వదని పళ్ల డాక్టరు. మాటా మాటా పెరిగి డాక్టరుకి సగం గడ్డమే గీసి పంపించేశాడు. ఎవరి మాట నెగ్గుతుందో చూడాలని ఇప్పుడందరూ బయల్దేరుతున్నారు.

మీ మామయ్య

తా.క. మీ అత్తయ్య నాతో మాట్లాడటం మానేసింది. కొత్త ముగింపు కట్టుకున్నదానికి కూడా చెప్పడం లేదని.

*

మామయ్యకు వెయ్యి నమస్కారాలు.

ఏం జరిగిందో నాకింకా అంతుపట్టలేదు. ఈత పాట అయింది, తెర పడింది, చప్పట్లు కొట్టారు. ఒక్కరూ లేవలేదు! తెర లేపి దణ్ణాలు పెట్టాం. అలాగే కూర్చున్నారు. బేకరీ ఆయన పాట మళ్లీ పాడాడు. మళ్లీ చప్పట్లు, మళ్లీ కూర్చున్నారు. ఆఖరి రైలుకి వేళయిందని నువ్వు కేకేశాక గానీ కదల్లేదు. అయిపోయాక కూడా జనం కూర్చోవడం తన జన్మలో చూడలేదని మేనేజరు కళ్లు తుడుచుకున్నాడు. ఇకనుంచి ప్రతి శనివారం హాలు నాదే! ఆనందం పట్టలేక మేకప్ గదిలో తలుపేసుకుని ఏడ్చేశాను.

ఇంతకీ తెర లేవకముందు నువ్వేం చెప్పావు? నేను లోపల చిరిగిన కప్పని కుడుతున్నాను, వినలేదు.

నీ మేనకోడలు

తా.క. చిరిగింది పొట్ట దగ్గరే.

*

అమ్మాయికి ఆశీస్సులు. చల్లగా ఉండు తల్లీ.

నువ్వు చెప్పమన్నదే చెప్పాను. కథ కంచం దాకా చెప్పి ఆపాను. ముగింపేమిటో చెప్పొద్దన్నావు, మరి ఏదో ఒకటి అని దిగాలి కదా? అలవాటైన మాటే నోటికొచ్చింది. "ముగింపు ఆలస్యంగా నడుస్తున్నది. వచ్చేవరకు ఎవరూ స్థలం విడిచి వెళ్లరాదు."

తీరా ఈత పాట వచ్చింది. అది రద్దయిన ముగింపని మా ఊరివాళ్లందరికీ తెలుసు. పక్కవాళ్లకీ చెప్పారు. పాపం, అసలుది వస్తుందని కూర్చున్నారు. ఈసారి మంచి పనే చేశానని మీ అమ్మకి చెప్పు.

మీ మామయ్య

తా.క. తిరుగు రైల్లో అసలు ముగింపేదని బోగీ బోగీ అంతా నా మీద పడింది. వచ్చే శనివారం వస్తుందన్నాను. మర్నాడే అందరూ ఆటకి టిక్కెట్లు తెప్పించుకున్నారు. తొందరగా ఒకటి రాయి. కప్ప మనిషయ్యేలా రాస్తే మేలు, నేను గడ్డం గీయించుకోవాలి.