ధబేలు పిన్ని టేపుల మీద నేను పెట్టని సంతకం

టెలివిజన్ కేంద్రం సంచాలకుల వారి సముఖమునకు
టేపు గది ఒప్పంద సహాయకురాలు సమర్పించుకుంటున్న అర్జీ

విషయం: హాస్యనటి 'ధబేలు పిన్ని' గారివి ఇప్పటికి మిగిలివున్న నలభై ఒక్క టేపులను సంగీత, నృత్య విలువ లేనివిగా తేల్చి తొలగించాలన్న నిర్ణయాన్ని ఆపవలసిందిగా, తొలగింపు ధ్రువపత్రంపై నా సంతకం కోరవద్దని మనవి.

అయ్యా,

తమ కార్యాలయం నుంచి నాకు అందిన ధ్రువపత్రాన్ని సంతకం లేకుండా ఈ అర్జీకి జతచేసి తిప్పి పంపుతున్నాను. శుక్రవారం సాయంత్రంలోగా సంతకం పెట్టి ఇవ్వాలని, శనివారం టేపులు ముక్కలు చేసే యంత్రానికి వెళ్తాయని అందులో ఉంది. ఎందుకు పెట్టలేదో చెప్పడం నా విధి. ఇది కోపంతో రాస్తున్నది కాదు. కోపం మొదటి రోజే వచ్చి పోయింది. ఇప్పుడున్నది అసహ్యం. దానికి కార్యాలయ భాషలో మర్యాదైన మాట ఏదైనా ఉంటే అదే వాడేదాన్ని. వెతికాను, దొరకలేదు.

1. పాత టేపులను కంప్యూటరులోకి ఎక్కించే పనికి ఒక నిబంధన ఉంది. సంగీతం, నృత్యం విభాగాల టేపులను పూర్తిగా భద్రపరుస్తారు. హాస్యం విభాగంలో ఒక్కో కళాకారునికి పది నిమిషాలు ఉంచి మిగిలింది తొలగిస్తారు. పిన్నిగారు పదకొండేళ్ళపాటు ప్రతివారం పాడారు, ఆడారు. కాని ఆట చివర పడ్డారు, పాట మధ్యలో శ్రుతి తప్పారు. అందువల్ల హాస్యం. ఆవిడకు ఎంపిక సంఘం కేటాయించిన పది నిమిషాల జాబితాను నేనే టైపు చేశాను. మెట్ల మీద పడటం, బురదలో పడటం, నిచ్చెన మీంచి పడటం, పడకకుర్చీతో సహా పడటం. పది నిమిషాల్లో పదిహేడుసార్లు పడటం ఉంది. లేవడం ఒక్కసారి కూడా లేదు.

2. ఆ కాలపు టేపుల్లో మాటలు, చప్పుళ్ళు ఒక ట్రాకులో, నవ్వులు ఇంకో ట్రాకులో ఉంటాయి. ఆ నవ్వులు ఆవిడను చూసి ఎవరూ నవ్వినవి కావు. ఎప్పుడో ఒక గదిలో నలభై మందిని కూర్చోబెట్టి రికార్డు చేసి, వాటినే ప్రతివారం వేసేవారు. వాటిలో ఒక పెద్దమనిషి ఎక్కిళ్ళు వచ్చినట్టు నవ్వుతాడు. పదకొండేళ్ళూ అవే ఎక్కిళ్ళు. రోజంతా టేపులు చూసే ఉద్యోగంలో అతని గొంతు వింటే నాకు వెగటు పుట్టేది. ఒక మధ్యాహ్నం ఇక తట్టుకోలేక నవ్వుల ట్రాకు మొత్తం తగ్గించేశాను.

అది టేపు నంబరు 212. పిన్ని పన్నెండు కప్పులున్న పళ్ళెం పట్టుకుని తడి మెట్లు దిగుతూ జారుతుంది. జారడానికీ పడటానికీ మధ్య రెండు నిమిషాల నలభై సెకన్లు పడుతుంది. నవ్వులుండగా చూస్తే ఎవరో తూలుతున్నట్టే ఉంటుంది. నవ్వులు తీసేస్తే కాళ్ళ చప్పుడు వినిపించింది. ఒక మెట్టు మీద మడమ, పక్క మెట్టు మీద మునివేళ్ళు, మెట్ల పక్క కమ్మీ మీద అరచెయ్యి, గాలిలో అరక్షణం ఆగడం, మళ్ళీ మడమ. కప్పులు సైతం ఆ లెక్కకే గలగలమన్నాయి. బల్ల మీద వేలితో తాళం వేసుకుంటూ మూడుసార్లు చూశాను. ఒక్క దెబ్బ ముందూ పడలేదు, వెనకా పడలేదు. సంఘం ఆ రెండు నిమిషాల నలభై సెకన్లను కత్తిరించి, చివర పడిన నాలుగు సెకన్లను ఉంచింది.

3. మా అమ్మ ఈ కేంద్రంలోనే దుస్తుల గదిలో ఇరవై రెండేళ్ళు ఇస్త్రీ చేసింది. నేను కనిపెట్టిన సంగతిని ఆ సాయంత్రం ఇంట్లో గొప్పగా చెప్పాను.

"ఇన్నాళ్ళకి తెలిసిందా తల్లీ నీకు?" అంది. "నిజంగా పడేవాళ్ళ బట్టలు మోకాళ్ళ దగ్గర పోతాయి. ఇంకో ప్రోగ్రాంలో లావుపాటాయన ఉండేవాడే, ఆయన ప్యాంట్లకి మా టైలరు వారం వారం అతుకులు వేసేవాడు. ఈవిడ బట్టలు ఒక్కనాడు చిరగలేదు. జోళ్ళు మాత్రం మునివేళ్ళ దగ్గర చిల్లులు పడిపోయేవి. ఆడేవాళ్ళ జోళ్ళు అలాగే అరుగుతాయి."

"మరి ఎవరికైనా చెప్పావా అమ్మా?"

"ఇస్త్రీదాన్ని ఎవరడిగారే?"

వేలిముద్ర వేసే మా అమ్మకు జోళ్ళు చూసి తెలిసిన విషయం, సంఘంలోని ముగ్గురు పట్టభద్రులకు టేపులు చూసినా తెలియలేదని సవినయంగా మనవి చేస్తున్నాను.

4. ఆవిడ పాట గురించి సంఘం నివేదికలో ఒకటే వాక్యం ఉంది: 'గాత్రం శ్రుతిలో లేదు, సంగీత విభాగానికి అనర్హం.' దీనికి ఆధారంగా వాళ్ళు చూసింది టేపు 87. అందులో పిన్ని కొత్తగా వచ్చిన ఇరుగుపొరుగును కూర్చోబెట్టి పాట పాడుతుంది. వాళ్ళు ఒక్కొక్కరే ఏదో వంక చెప్పి జారుకుంటారు. తప్పుగా పాడమని రాసిచ్చిన పాటను తప్పుగా పాడినందుకు ఆవిడకు పాడటం రాదని తేల్చారు. దొంగ వేషం వేసిన నటుణ్ణి పోలీసులకు పట్టించడం ఇలాగే ఉంటుంది.

ఆ పాటను చిత్రీకరణలో ఆరుసార్లు తీశారు. ఆరూ మన టేపు గదిలోనే ఉన్నాయి. నాకు సంగీతం తెలియదు కనుక, ఆ కార్యక్రమానికి హార్మోనియం వాయించిన మాస్టారుగారిని పిలిపించి ఆరూ వరుసగా వినిపించాను. ఆయన కళ్ళు మూసుకుని విన్నారు.

"ఆరుసార్లూ ఒకే చోట శ్రుతి తగ్గించింది చూడు. తగ్గించింది కూడా అంతే మేర. వెంట్రుకవాసి తేడా లేదు," అన్నారు. "పక్కన నేను సరిగ్గా వాయిస్తుంటే, ఆ చెవిలో అది మోగుతుంటే, తప్పులో నిలబడాలి. నువ్వు ప్రయత్నించి చూడమ్మా, రెండో అక్షరానికల్లా నా వైపు లాగేస్తుంది."

"సరిగ్గా పాడగా మీరు విన్నారా మాస్టారూ?"

"రిహార్సల్లో పాడేది. లైట్లవాళ్ళు నిచ్చెనల మీదే ఆగిపోయి వినేవాళ్ళు. తరవాత డైరెక్టరు వచ్చి, బావుందిగానీ ఇక చెడగొట్టమ్మా, టైమవుతోంది అనేవాడు."

5. ఇక్కడ నేను చేసిన తప్పు ఒకటుంది. దాచను. సంఘం ముందుకు కళాకారులు స్వయంగా వచ్చి వినిపించుకోవచ్చని నియమాల్లో చదివి, పిన్నిగారి ఇంటికి వెళ్ళి చెప్పింది నేనే. ఆవిడకు డెబ్బై మూడేళ్ళు. "ఎందుకమ్మడూ ఇప్పుడవన్నీ," అంటూనే బీరువా తెరిచి మంచి బట్టలు వెతకడం మొదలుపెట్టారు. పది రోజులు సాధన చేశారు. పక్కవాటావాళ్ళు గోడ మీద కొట్టేవాళ్ళని, ఆ దెబ్బలకే తాళం కలిపేదాన్నని చెప్పారు.

సమావేశం మూడో అంతస్తులో జరిగింది. వివరాలు రాసుకోవడానికి నన్ను మూలన కూర్చోబెట్టారు. ఆవిడ లోపలికి రాగానే అధ్యక్షులవారు ఫోను పైకెత్తి, కెమెరా తెరిచి పట్టుకున్నారు.

"రండి పిన్నీ, రండి. ఏదీ, ఒక్కసారి ధబేలుమనండి. మా ఆవిడకి చూపించాలి."

"ఇప్పుడు పడితే లేపడానికి నలుగురు కావాలి నాయనా. మీరు ముగ్గురే ఉన్నారు."

ముగ్గురూ పగలబడి నవ్వారు. ఆవిడ నవ్వు ఆగేదాకా నిలబడి, "పాట వినిపిద్దామని వచ్చానండీ," అన్నారు. కూర్చోమని ఎవరూ అనలేదు.

పాడటం మొదలుపెట్టారు. గొంతు సన్నబడింది గాని ఎక్కడా వణకలేదు. మొదటి చరణంలో కార్యదర్శిగారు చేతిరుమాలు నోటికి అడ్డం పెట్టుకున్నారు. రెండో చరణానికి ముగ్గురి భుజాలూ ఎగురుతున్నాయి. ఆవిడ వేరే ఎటూ చూడకుండా, కిటికీ వైపు చూస్తూ పాట పూర్తిచేశారు. ఒక్క స్వరం పక్కకు పోలేదు. వాళ్ళింకా ఎదురుచూస్తున్నారు.

"ఏంటి పిన్నీ," అన్నారు అధ్యక్షులవారు, "తప్పు ఎప్పుడొస్తుందా, ఎప్పుడొస్తుందా అని కాచుక్కూచున్నాం. అసలు జోకు లేకుండానే ముగించేశారే."

ఆ తరవాత కార్యదర్శిగారు నాతో వివరం ఇలా రాయించారు: 'సదరు కళాకారిణి హాస్యగానం వినిపించగా సభ్యులు ఆనందించిరి. విభాగం మార్పు అవసరం లేదు.' నా వేళ్ళతోనే టైపు చేశాను. కిందికి వెళ్ళి సబ్బుతో చేతులు కడుక్కున్నాను. పోలేదు.

6. తిరిగి మెట్లు దిగేటప్పుడు ఆవిడ చెయ్యి పట్టుకున్నాను. వాళ్ళను తిడతారనుకున్నాను. నన్ను తిట్టినా బాగుండేది. రెండో అంతస్తు మలుపు దగ్గర ఆగి నెమ్మదిగా అడిగారు:

"నిజం చెప్పు అమ్మడూ. రెండో చరణంలో ఊపిరి సరిగా అందలేదు నాకు. అక్కడ తప్పానా? అందుకేనా నవ్వారు?"

లేదండీ అన్నాను. "నువ్వు మంచిపిల్లవి, అలాగే అంటావులే," అన్నారు.

అయ్యా, ముగ్గురు పెద్దమనుషులు టీలు తాగుతూ నవ్వారు, పోనివ్వండి. నలభై ఏళ్ళుగా తన గొంతు ఎక్కడుందో వెంట్రుకవాసి తేడా లేకుండా తెలిసిన మనిషికి, పదిహేను నిమిషాల్లో తన చెవి మీద తనకే అనుమానం కలిగించారు. నాకు రోత పుట్టింది ఇక్కడ. ఆవిడ తప్పలేదని రుజువు చేసేవి ఈ లోకంలో ఆ నలభై ఒక్క టేపులే. వాటిని శనివారం ముక్కలు చేస్తారట.

7. ఇక సంతకం సంగతి. ధ్రువపత్రంలో అచ్చువేసిన వాక్యం ఇది: 'పై టేపులను పూర్తిగా పరిశీలించితిని. వీటియందు సంగీత, నృత్య విలువ గల అంశమేదియు లేదని ధ్రువీకరించుచున్నాను.' పరిశీలించిన మాట నిజం. మిగిలిన వాక్యం అబద్ధం. ఈ మాటే కార్యదర్శిగారితో అన్నాను.

"అది ఫారమమ్మా, ఎవరూ చదవరు. గీసిపారెయ్," అన్నారు.

"నేను చదివానండీ."

"చదువు రావడమే వచ్చింది చిక్కు. నువ్వు పెట్టకపోతే ఇంకొకరు పెడతారు. అక్షరమ్ముక్క వచ్చినవాళ్ళు బయట బోలెడుమంది. నీ ఒప్పందం వచ్చే నెలతో అయిపోతుందని గుర్తుందా?"

గుర్తుంది. మా ఇంట్లో సంతకం పెట్టడం వచ్చిన మొదటి మనిషిని నేను. మా నాన్న పోయేదాకా కాగితాల మీద బొటనవేలు అద్దుతూ, అందులో ఏం రాసి ఉందో ఎదుటివాళ్ళు చెప్పింది నమ్మేవాడు. నన్ను బడికి పంపింది, ఏం రాసి ఉందో చదివిన తరవాతే పెడతానని. హాస్యగానం అని ఒకసారి రాశాను. ఆ ఒక్కసారికే నాకు నిద్ర సరిగా లేదు. రెండోది నా చేత కాదు.

కావున తమరు దయచేసి,

అ) శనివారం జరగవలసిన తొలగింపును తమ ఉత్తర్వుతో ఆపవలెను.

ఆ) నలభై ఒక్క టేపులను సంగీత, నృత్య విభాగాలకు మార్చవలెను. రెండు విభాగాలవాళ్ళూ నాకొద్దంటే నాకొద్దని దెబ్బలాడుకుంటే, ఆవిడ పేరుతోనే ఒక విభాగం పెట్టవలెను.

ఇ) సమావేశ వివరంలో 'హాస్యగానం' అన్న మాటను కొట్టేసి 'గానం' అని రాయించి, ఒక ప్రతిని పిన్నిగారి ఇంటికి తమ సంతకంతో పంపవలెను. ఈ మూడింటిలో ఏదో ఒక్కటే చేయగలమంటే ముందుగా ఇదే చేయవలెను. ఆవిడ రోజూ పొద్దున్న పాడుకునేవారు. సమావేశం అయిన దగ్గర్నుంచి పాడటం లేదని పక్కవాటావాళ్ళే నాకు చెప్పారు.

పై విషయాలను చిత్తగించడానికి ముందు టేపు 212ను వినవలెను, విన్న తరవాత చిత్తగించవలెను.

ఇట్లు,
ఈ ఒక్క కాగితం విషయంలో తప్ప
తమ విధేయురాలు,
టేపు గది సహాయకురాలు

జతచేసినది: ధ్రువపత్రం ఒకటి (సంతకం లేనిది)

తా.క.: ఈ అర్జీని కవరులో పెడుతుండగా ఒక సంగతి తెలిసింది. నా బదులు సంతకం పెట్టమని ఇంకో ధ్రువపత్రాన్ని స్టోరుకీపరు బాబాయికి పంపారట. కళ్ళజోడు ఇంట్లో మరిచిపోయానని ఆయన తిప్పిపంపారు. కళ్ళజోడు ఆయన ముక్కు మీదే ఉంది. అక్కడినుంచి లైట్ల విభాగం పెద్దాయన దగ్గరికి పోయింది. ఆయనకు ఉన్నట్టుండి కుడిచెయ్యి బెణికిందట. ఎడమచేత్తో కాగితం వెనక్కిచ్చారు. దుస్తుల గదివాళ్ళు తమకు చదువు రాదన్నారు, అందులో ఇద్దరు డిగ్రీ చదివినవాళ్ళు. ఈ లెక్కన శుక్రవారం సాయంత్రానికి ఆ కాగితం తిరిగి తిరిగి తమ బల్ల మీదికే వస్తుంది. అప్పుడు తమరే పెట్టాలి. అందుకని టేపు 212ను తమ గదిలోని యంత్రంలో పెట్టి వెళ్తున్నాను. నవ్వుల మీట ఎడమవైపు నుంచి మూడోది. పూర్తిగా కిందికి లాగండి, మధ్యలో ఆపకండి, సగం తగ్గిస్తే ఎక్కిళ్ళాయన ఇంకా వినిపిస్తాడు.