ఎత్తేసిన క్లాసు

బావగారికి,

కాలేజీలో మీరు ప్రిన్సిపాల్, నేను కాబోయే డాక్టర్లకి సైకాలజీ చెప్పే లెక్చరర్‌ని. ఈ ఉత్తరం మాత్రం మరదలిగా రాస్తున్నాను.

అక్కని వరండాలో నిలబెట్టి, ఫోన్ చూసుకుంటూ, క్యాన్సరని చెప్పిన హౌస్ సర్జన్‌ని సస్పెండ్ చేసే కాగితం మీద నన్నూ సంతకం పెట్టమన్నారు. పెట్టను. అత్త మీద కోపం దుత్త మీద చూపించకండి. చెడు కబురు రోగికి ఎలా చెప్పాలో నేర్పే నా క్లాసుని, "మాట్లాడ్డం కూడా ఓ సబ్జెక్టేనా అమ్మాయ్?" అని నవ్వి ఎత్తేసింది మీరే.

అతను మొరటుగానైనా చెప్పాడు. ఆ రిపోర్టు అతనికంటే ముందే చూసిన మీరు, వారంపాటు అక్క ఎదురుగా భోంచేసి, నోరు మెదపకుండా లేచి వెళ్ళారు.

అక్క నా దగ్గరే ఉంది. రండి. ఫోన్ జేబులో పెట్టుకుని, కుర్చీ దగ్గరగా లాక్కుని కూర్చోండి. నా క్లాసులో మొదటి పాఠం అదే.

మీ మరదలు