చుక్కకు నచ్చని సబ్బు

నాచారం
డిసెంబర్ 4

చలికంటే ముందే లేచే మా అమ్మకు,

ఈ ఉత్తరం ఇప్పుడు రాయక తప్పలేదు. ఉప్పల్ కంటి ఆసుపత్రిలో డాక్టరమ్మ నీ కుడికంటి శుక్లం తీయడానికి జనవరి ఎనిమిదో తేదీ ఇచ్చింది. ఫోన్ చేస్తే నువ్వు "బాగనే ఉన్న బిడ్డా, ఇగో మీ బాపుతోటి మాట్లాడు" అని తప్పించుకుంటావు. కాగితాన్ని అలా బాపు చేతికి ఇచ్చి పోలేవు. అంగన్‌వాడీలో పిల్లలు వెళ్లిపోయాక స్వర్ణలత వదిన చదివి వినిపిస్తుంది, నువ్వు చెప్పింది రాస్తుంది. అడిగాను.

మొన్న వచ్చినప్పుడు చూశాను. పొద్దున మంచులో ఉల్లిచేనుకు నీళ్లు పారించడానికి పోయి, గట్టు అనుకొని కాలువలో కాలు పెట్టావు. మోకాళ్ల దాకా తడిసి వచ్చి, కావాలనే దిగానన్నావు. డిసెంబర్ నీళ్లలోకి ఎవరూ కావాలని దిగరమ్మా.

దీంతో పాటు సబ్బులు పంపుతున్నాను. దసరాకు నువ్వు ఇచ్చిన ఆముదంలో కొబ్బరినూనె కలిపి చేశాను. కంపెనీ ల్యాబ్‌లో రోజంతా ఎవరెవరి సబ్బులో పరీక్షిస్తాను. ఇవి మాత్రం నా గదిలో, నా స్టీలు గిన్నెలో చేసినవి. పచ్చిగా వాడితే చర్మం మండుతుంది కనుక నెలకు పైగా కిటికీలో ఆరబెట్టాను. చలికి పగిలే నీ చేతులకు మంచిది. వాసన కోసం నిమ్మగడ్డి నూనె కూడా వేశాను. మన ఇంట్లో చదువుకున్నది నేనొక్కదాన్నే. ఆ చదువు ఇన్నాళ్లకు నీ చేతికి అందుతోంది.

మన బర్రె చుక్క, దాని దుడ్డె చలికి ఎలా ఉన్నాయి? ఎనిమిదో తేదీ సంగతి మాత్రం దాటేయకు.

నీ జవాబు కోసం చూసే
సంతోషి


చేను కాడి నుంచి
డిసెంబర్ 11

బిడ్డా సంతోషీ,

మాటలు నావి, రాత స్వర్ణలతది. మంచిగ దిద్ది రాస్త అంటె నేనే వద్దన్న.

సబ్బు మస్తుగుంది. చేతుల పగుళ్లు మెత్తవడ్డయి. మీ బాపు వాసన సూసి, "ఎవరి పెండ్లికి పోతున్నవే" అన్నడు. గని సుక్కకు నచ్చలే. బకీటు పట్టుకోని పోయి కూసున్ననో లేదో, మూతి ఇటు తిప్పి బుస్సుమని కాలు జాడిచ్చింది. పొదుగు నిండ పాలున్నయి, ఒక్క ధార ఇయ్యలే. ఆరేండ్ల సంది పిండుతున్న నన్నే ఎవరో అనుకున్నది. మర్నాడు బూడిదతోని చేతులు తోముకోని పోతె అప్పుడు ఒప్పుకున్నది. సబ్బులు గూట్ల పెట్టిన.

ఇగ నువ్వే సూడు. వాసన మారితెనే నన్ను రానియ్యని బర్రె మీ బాపును రానిస్తదా? పోయినేడు నాకు జరమొస్తె ఆయన పోయిండు, బకీటు సొట్టవోయింది. నేను ఉప్పల్ల పండుకుంటె ఇక్కడ పాలెవరు పిండాలె? అదొక్కటేనా. ఆముదం గెలలు వాకిట్ల ఎండవోసినం, కొట్టాలె. రాత్రి సుక్క మీద గోనెపట్టా కప్పాలె, దోమలకు కొట్టంల పొగ ఎయ్యాలె. ఎండకాలంల సూద్దాం తియ్యి.

ఫికర్ చెయ్యకు.
మీ అమ్మ సారలమ్మ


నాచారం
డిసెంబర్ 16

బర్రెతో తన్నించుకున్న మా అమ్మకు,

నిమ్మగడ్డి నూనె నా అతితెలివి. మనుషుల ముక్కు గురించే ఆలోచించాను, చుక్క ముక్కు గురించి ఆలోచించలేదు.

కానీ నీ ఉత్తరం చదివాక ఒకటి తట్టింది. చుక్క మనిషిని ముక్కుతో గుర్తుపడుతోంది. అయితే బాపుకు నీ వాసన ఇస్తే చాలు కదా. సువాసన కలపకముందు పక్కకు తీసి పోసిన సబ్బులు కొన్ని ఉన్నాయి. నీ జుట్టుకు, చేతులకు ఎప్పుడూ ఉండే ఆముదం వాసన తప్ప వాటికి ఇంకేమీ లేదు. అవి పంపుతున్నాను. ఇద్దరూ వాటితోనే స్నానం చేయండి. పాలు పిండేటప్పుడు బాపు నీ చీర చుట్టుకోవాలి. నువ్వు కట్టి విడిచిందే, ఉతకనిది. అమ్మమ్మ ఊరికి పోయినప్పుడు తాత అలాగే పిండేవాడని నువ్వే చెప్పేదానివి.

ఆముదం గెలలు నేను ఆదివారాలు వచ్చి కొట్టి పెడతాను. ఇక మిగిలింది చుక్క ఒక్కటే. ఏం జరిగిందో రాయించు.

ఉతకనిది అని మళ్లీ చెబుతూ,
సంతోషి


చేను కాడి నుంచి
డిసెంబర్ 28

బిడ్డా,

రాసుకుంట రాసుకుంట స్వర్ణలత నవ్వుతున్నది. అక్షరాలు వంకర వోతె నన్ననకు.

మొదటి దినం మీ బాపు నాకు తెల్వకుంట చీరను సర్ఫుల నానవెట్టి ఉతికి ఆరేసిండు. సుక్క దగ్గరికే రానియ్యలే. "ఉతకొద్దని నీ బిడ్డ రాసింది గద" అంటె, "ఇడిసిన చీరతోని పోతె బర్రె ఏమనుకుంటది" అన్నడు.

మర్నాడు ఉతకని చీర కట్టిచ్చి, సబ్బు రుద్దిపిచ్చి పంపిన. కొంగు నెత్తి మీదికి గుంజుకోని కూసున్నడు. సుక్క మెడ తిప్పి భుజం వాసన సూసింది. గంతలనె "జర నిలవడు తల్లీ" అన్నడు. గొంతు ఇని అది చెవులు లేపింది. నోరు మూసుకోమని నేను గడ్డివాము ఎనక నుంచి సైగ జేసిన. మూసుకున్నడు. పాలిచ్చింది. బకీట్ల ధార సప్పుడు ఇంటె నాకు నవ్వొచ్చింది, జర కోపం గూడ వచ్చింది. ఆరేండ్లు సాదితె, ఒక చీరకూ సబ్బుకూ నన్ను మర్సిపోయింది.

ఇప్పుడు రోజూ ఆయనే పిండుతున్నడు. నిన్న పొద్దుగాల మంచుల పక్క చేను బుచ్చిరాములు గట్టు మీద నిలవడి, "సారక్కా, బావ ఇంక లేవలేదా?" అని మీ బాపునే అడుగుతున్నడు. మాట్లాడితె బర్రె బెదురుతది, మాట్లాడకుంటె బుచ్చిరాములు కదలడు. కొంగు ఇంకింత కిందికి గుంజుకున్నడు మీ బాపు.

ఇగ అడ్డం చెప్పనీకె నాకు బర్రె లేదు. ఉన్నమాట చెప్తున్న. నాకు భయమైతున్నది బిడ్డా. మసక మసకనన్న కనవడేది గూడ పోతె నేను చేన్ల ఏం పని జెయ్యాలె? గిది ఫోన్ల చెప్పరాలే. మీ బాపు ముందట చెప్పరాలే. సుక్క పేరు చెప్పుకోని బతికిన.

అయినా వస్త. ఏడో తారీఖు మొదటి బస్సుకు ఉప్పల్ రింగురోడ్డు కాడ దిగుత. గని పట్టి కట్టినంక ఒక కన్ను మూతవడె, రెండోది మసకనె. పక్కన కూసున్నది ఎవరో నాకెట్ల ఎర్కగావాలె? నువ్వు గా ఆముదం సబ్బుతోనే చేతులు కడుక్కోని నా చెయ్యి పట్టుకో. నిమ్మగడ్డిది వద్దు, నేను గూడ తంత.

నీకు సెలవు దొరికిందా, నా పక్కన నువ్వే ఉంటవా? జనవరి నాలుగో తారీఖు లోపల నాకు ముట్టేటట్టు రాయి.

నీ అమ్మ
సారలమ్మ