బాణాలు ఏరే పని

అన్నా,

నువ్వు పోయి నిన్నటికి ఏడాది. గాల్వే నగరంలో అద్దె కట్టలేక మేం అత్లోన్ అనే చిన్న ఊరికి మారాం. ఇక్కడ విలువిద్య క్లబ్బు ఉందని మీ బావ కనుక్కున్నాడు. "అక్కడివాళ్లతో నువ్వే మాట్లాడాలి. నాలుగు బాణాలేస్తేనన్నా నీ నోరు లేస్తదేమో చూద్దాం," అని నవ్వుతూ తీసుకెళ్లాడు.

"వేటకు అడవి దొరుకుతుందా?" అని మాత్రం అడగగలిగాను. నేర్పే పెద్దావిడ తల అడ్డంగా ఊపింది. ఈ దేశంలో విల్లుతో వేటాడటానికి చట్టం ఒప్పుకోదట. గురి కోసం నిలబెట్టిన గడ్డి పలకల మీదే వేయాలట. నువ్వు వింటే పడీపడీ నవ్వేవాడివి.

నా వంతు ఇంకా రాలేదు. పక్కనున్నాయన బాణం వదిలాడు. "పోవే, తే," అని నా చెవి వెనకే నీ గొంతు వినిపించింది. మన కొండ మీద నువ్వు వేయడం, నేను ఏరుకు రావడమే కదా. బాణాలు వేసేవాళ్లు నిలబడే గీత దాటి పరుగెత్తాను. అందరూ ఒక్కసారిగా అరిచారు. పెద్దావిడ వచ్చి నా జబ్బ పట్టుకుంది.

"చచ్చిపోయేదానివమ్మా! అందరూ విల్లు దించాకే వెళ్లాలి. మళ్లీ ఇలా చేస్తే రానివ్వను. ఎవరు పరుగెత్తమన్నారు నిన్ను?"

"మా అన్న."

ఆవిడ చుట్టూ చూసింది. మీ బావ తల దించుకున్నాడు.

తర్వాత అందరితో కలిసే వెళ్లి బాణాలు ఏరాను. వెనక్కి తిరిగితే గీత దగ్గర ఎవరూ లేరు. అయినా నీ గురికి అడ్డం రాకుండా పక్కకు జరిగి నిలబడ్డాను. ఆవిడ రెండుసార్లు పిలిచింది. నువ్వు వేసేదాకా ఆగాలి కదా.

నీ చెల్లి