వరస తప్పి పడిన పుల్ల

అమ్మాయికి,

నాన్న ఆశీస్సులు. ఇక్కడ నేను క్షేమం. మీ మేనత్త క్షేమానికి బాగా దగ్గరలో ఉంది. కుట్లు ఆరుతున్నాయి, ఆసుపత్రివాళ్ళ కాఫీకి వంకలు పెట్టడం మొదలుపెట్టింది, అంటే కోలుకుంటున్నట్టే. అక్కడ నువ్వూ, అల్లుడుగారూ ఆరోగ్యంగా ఉన్నారని తలుస్తాను. అల్లుడుగారి మెడనొప్పి తగ్గిందో లేదో నువ్వు రాయలేదు.

నీ ఉత్తరం అందింది. ఫోనులో నేను "ఊఁ", "ఆఁ" తప్ప మాట్లాడనని ఈ ఉత్తరాల పద్ధతి పెట్టింది నువ్వే. నువ్వు అడిగినవాటిలో మూడింటికి జవాబు తేలిక. అత్త ఆపరేషన్‌కి ఎలా ఒప్పుకుందన్నదానికి మాత్రం కాస్త ఓపిక పట్టు. దాన్ని చివర్న రాస్తాను, ముందు రాస్తే మిగతావి రాయలేను.

నువ్వు పంపిన ఫోను వాడుతున్నాను. మీ కంపెనీవాళ్ళ జవాబులు చెప్పే యంత్రాన్ని రెండుసార్లు అడిగి చూశాను. మొదటిసారి వంటింటి కుళాయి కారుతుంటే ఏం చెయ్యాలో అడిగాను. చక్కగా చెప్పింది, కుళాయి ఆగింది. రెండోసారి, ఎదుటిమనిషి మంచి కోరి మోసం చేస్తే అది పాపమా కాదా అని అడిగాను. పాము చావకుండా, కర్ర విరగకుండా అరపేజీ చెప్పి, ఇంకేమైనా సాయం కావాలా అని మర్యాదగా అడిగింది. నా అభిప్రాయం చెప్పమన్నావు కనుక చెబుతున్నాను: కుళాయిలకు మంచి యంత్రం. రెండో ప్రశ్న విషయంలో దాన్ని తప్పుపట్టను. తప్పు చేసి అన్నం సహించకపోవడం అనేది దానికి ఎప్పుడూ జరిగి ఉండదు, ఏం చెబుతుంది పాపం.

ఇక సీరియల్. చూశాను. మీ అత్త పక్కన కూర్చుని చూడక తప్పలేదు. ఆ ముఖ్యమైన ఘట్టం తీసింది మా సైన్స్ మ్యూజియంలోనే, మా లోలకం దగ్గరే. నువ్వు చిన్నప్పుడు గంటలకొద్దీ చూసేదానివి, గుర్తుందిగా. పైకప్పు నుంచి పొడుగాటి తీగకు ఇనపగుండు వేలాడుతూ ఉంటుంది, కింద గుండ్రంగా చిటికెనవేలంత చెక్కపుల్లలు నిలబెట్టి ఉంటాయి. గుండు ఊగేది ఒకే గీతలో, కింద తిరిగేది భూమి. అందుకని పుల్లలు ఒకదాని తరవాత ఒకటిగా, వరసలో, ఎవరూ తాకకుండానే గుండుకు ఎదురొచ్చి పడతాయి. సీరియల్‌లో ఆ అమ్మాయి ఒక పుల్లను చూపించి, ఇది పడితే నా భర్త తిరిగొస్తాడని మొక్కుతుంది. అది పడుతుంది, ఆయన వస్తాడు. ఆ ఆనందంలో హీరో ఊగుతున్న గుండును అరచేత్తో ఆపుతాడు. నిజంగా ఆపితే గుండు ఆగదు, చెయ్యి దానితోపాటు వెళుతుంది. ఈ మాట షూటింగు రోజునే చెప్పాను. "పెద్దాయనా, ఇది కథ" అన్నాడు దర్శకుడు. కథే. కానీ మర్నాటినుంచి జనం పుల్లలకు మొక్కడానికి వస్తున్నారు.

దీంతో నీ మూడో ప్రశ్నకు వచ్చాను. "పొద్దున్నే దేవుడి ముందు కళ్ళు మూసుకుని కూర్చుంటావు, పదింటికి వెళ్ళి భూమి తిరుగుతోందని చూపిస్తావు, నీకేం ఇబ్బంది అనిపించదా నాన్నా?" అని రాశావు. అనిపించదు. ఈ ప్రపంచాన్ని ఆయన చేశాడని నమ్ముతాను. ఎలా చేశాడో కళ్ళు తెరిచి చూస్తేగాని తెలియదనీ నమ్ముతాను. ఈ రెండింటికీ నా బుర్రలో ఎప్పుడూ పేచీ రాలేదు. మా మేనేజరు దేవుణ్ణి నమ్మడు. జనం గుండుకు దండాలు పెడుతుంటే సంతోషించినవాడు ఆయనే, టిక్కెట్లు తెగుతున్నాయని. ఒళ్ళు మండినవాణ్ణి నేను. ఆ గుండు దగ్గర నేను సాక్షిని. జరిగింది జరిగినట్టు చూపించడమే నా పని. దేవుడికి నా దొంగసాక్ష్యంతో అవసరం లేదని కనపడ్డవాళ్ళందరికీ ఉపన్యాసాలు ఇచ్చాను. చెప్పేవాడికి వినేవాడు లోకువ అన్నట్టు, మీ అత్తకైతే రోజూ ఇచ్చాను.

ఆవిడ సంగతి నీకు తెలిసిందే. నిన్ను ఎత్తుకుని పెంచిన మనిషి, ఎదురు చెబితే వినే మనిషి కాదు. కడుపులో గడ్డ ఉంది, తీసెయ్యాలి, ఆలస్యమైతే తీసినా లాభం ఉండదని డాక్టరు తేల్చి చెప్పాడు. ఈవిడ ససేమిరా అంది. కోతకు భయపడలేదు, మత్తుమందుకు భయపడింది. "నిద్రపుచ్చి కోస్తారట. నిద్రలో పోతే, పోయానని నాకెలా తెలుస్తుంది?" అంది.

ఒకరోజు మధ్యాహ్నం సంచి భుజాన వేసుకుని, టిక్కెట్టు కొనుక్కుని మరీ మ్యూజియానికి వచ్చింది. జనంలోంచి తోసుకుంటూ వచ్చి లోలకం చుట్టూ ఉన్న కటకటాలు పట్టుకుని నిలబడింది.

"అదిగో, ఆ మూలపుల్ల. మీరు తలుపులు మూసేలోగా అది పడితే ఆసుపత్రికి వెళతాను. పడకపోతే ఆ ఊసు మళ్ళీ ఎత్తకూడదు."

"దానికి ముందు బోలెడున్నాయి. అది రేపు గాని పడదు" అన్నాను.

"నాకు తెలీదా? ఇన్నేళ్ళు నీ సోది వినలేదూ? పడే పుల్లని పట్టుకుని అడగడంలో ఏముంది? దేవుడు తల్చుకుంటే వరసా గిరసా?"

ఆవిడ అద్భుతం అడుగుతోందా, తప్పించుకునే దారి వెతుక్కుంటోందా నాకు ఇప్పటికీ తెలియదు. రెండూ కావచ్చు.

ఇక్కడినుంచి నువ్వొక్కతివే చదువుకో, అల్లుడుగారికి వినిపించకు.

పడిన పుల్లల్ని మళ్ళీ నిలబెట్టడానికి నా దగ్గర చివర పట్టకారున్న పొడుగాటి కర్ర ఉంటుంది. గుండు అటు వెళితే జనం మెడలన్నీ అటే తిరుగుతాయి. ఇన్నేళ్ళుగా చూస్తున్నాను, మెడ తిప్పని మనిషి లేడు. మూసేవేళ దగ్గరపడ్డాక, గుండు అటు వెళ్ళినప్పుడు, కర్రచివరతో మూలపుల్లను పొడిచాను. పడింది. నేనే పడేశాను.

"వరస తప్పి పడింది!" అని ఎవరో అరిచారు. తల్లీ, నేనింత తెలివితక్కువవాణ్ణని నాకే తెలియదు. వరసలో పడిన పుల్ల వట్టి పుల్ల. వరస తప్పి పడితే అది మహిమ కాదూ? సీరియల్‌వాళ్ళు కూడా అంత తెగించలేదు. ఫోన్లు పైకి లేచాయి. మీ అత్త రెండు చేతులూ జోడించి, కళ్ళనీళ్ళు పెట్టుకుంటూ, "ఎప్పుడు వెళ్దాం అన్నయ్యా?" అంది.

మర్నాడు టిక్కెట్లకు జనం వరస వీధి చివరిదాకా ఉంది. ఎద్దు ఈనిందంటే దూడను కట్టెయ్యమన్నట్టు, ఒకాయన గుండు మూడుసార్లు ఆగి మళ్ళీ కదలడం కళ్ళారా చూశానని నాకే చెప్పాడు. నేను మేనేజరు గదికి వెళ్ళి జరిగింది చెప్పాను. ఆయన కాసేపు కళ్ళజోడు తుడుచుకుని, "మీరు ఇందాక ఏదో చెప్పబోయారు, నేను పనిలో ఉండి వినలేదు" అన్నాడు. నాకు నేనే శిక్ష వేసుకుందామని, కర్రను బీరువాలో పెట్టి తాళం వేశాను. జనం ఉన్నంతసేపూ ఇక దాన్ని ముట్టుకోకూడదనుకున్నాను.

అత్త నవ్వుతూ ఆపరేషన్ గదిలోకి వెళ్ళింది. గడ్డ మొత్తం వచ్చేసిందన్నాడు డాక్టరు. నీకు ఫోనులో చెప్పింది ఇంతవరకే.

నోటికి అడ్డూ ఆపూ లేని మనిషి కదా, మెలకువ రాగానే వార్డంతా ఈ మహిమ చాటింది. పక్కమంచం మీద బడిలో వంటచేసే ఆవిడ ఉంది. మీ అత్తకంటే చిన్నది. ఆవిడకూ ఇలాంటి గడ్డే, ఆవిడకూ ఒప్పుకోవడానికి భయమే. అది విని తన భర్తను మ్యూజియానికి పంపింది. నాకది తెలియదు. డ్రైవరు బట్టల్లో ఒకాయన పొద్దుట తలుపు తియ్యగానే వచ్చి, సాయంత్రందాకా ఒకే పుల్లను చూస్తూ నిలబడటం మాత్రం చూశాను. తిండికి కూడా కదల్లేదు. దేనికోసమో మొక్కుకున్నాడని తెలుస్తూనే ఉంది. మూసేవేళ నా దగ్గరికి వచ్చాడు.

"అయ్యా, ఇంకాసేపు తలుపు తెరిచి ఉంచరా?"

"వేళంటే వేళేనండీ" అన్నాను. బీరువా తాళంచెవి నా జేబులో ఉంది. ఈసారి నిజాయితీగా ఉన్నానని కాస్త గర్వపడ్డాను కూడా.

మర్నాడు వార్డుకు వెళితే ఆ డ్రైవరు పక్కమంచం దగ్గర స్టూలు మీద కూర్చుని ఉన్నాడు. నన్ను చూసి గుర్తుపట్టి తల ఊపాడు. ఆవిడ గోడవైపు తిరిగి పడుకుంది. "పుల్ల పడలేదట. ఇంటికి వెళ్ళిపోతానంటోంది" అంది మీ అత్త, గొంతు తగ్గించి. నర్సు కాగితాలు పట్టుకుని రెండుసార్లు వచ్చి, సంతకం లేకుండానే వెనక్కి తీసుకువెళ్ళింది. ఆలస్యమైతే లాభం ఉండదని ఆవిడకూ అదే డాక్టరు చెప్పాడు.

నేను రెండు మంచాల మధ్య నిలబడి చెప్పేశాను. కర్ర సంగతి, మెడల సంగతి, అన్నీ. గొంతు బాగానే పలికింది. రోజూ జనానికి లోలకం గురించి చెప్పే అలవాటే కాబోలు.

మీ అత్త తిడుతుందనుకున్నాను. తిట్టలేదు. దుప్పటి గడ్డందాకా లాక్కుంది.

"మందు ఇచ్చేటప్పుడు నాకు ఇసుమంత భయం వెయ్యలేదు అన్నయ్యా. దేవుడే వరస తప్పించాడు కదా, ఇక నాకేమవుతుందిలే అనుకున్నా. ఇప్పుడేస్తోంది భయం. అంతా అయిపోయాక."

"అయిపోయిందిగా, ఇంకేం భయం?"

"నువ్వు చెప్పకుండా ఉండాల్సింది" అంది. పక్కమంచం వైపు చూసి, "కాదులే, చెప్పాల్సిందే" అంది.

వంటావిడ మెల్లగా ఇటు తిరిగింది. నన్ను చూసింది. తరవాత భర్తతో, "విన్నావా? కర్ర పట్టుకున్నది మనిషేనట. ఎటుతిరిగీ మనిషి చేతిలోనే పడేటప్పుడు, చదువుకున్నవాడి చేతిలో పడటం మేలు. ఆ నర్సమ్మని పిలువు" అంది. కాగితాల మీద సంతకం పెట్టింది. రేపు ఉదయం ఆవిడ ఆపరేషన్. మత్తు ఇచ్చే గది తలుపుదాకా తానూ వస్తానని మీ అత్త మొండికేసింది. చక్రాలకుర్చీలో తీసుకువెళతామన్నారు.

నాకు గుండెబరువు దిగింది. సంచి తీసుకుని వెళ్ళబోతుంటే వంటావిడ వెనక్కి పిలిచింది. కోపంగా కాదు, మామూలుగా, ధర అడిగినట్టు అడిగింది.

"అన్నా, మీ చెల్లెలికైతే పడేశారు. మా ఆయన నిన్న పొద్దుటినుంచీ నిలబడే ఉన్నాడుగా. మీరూ అక్కడే ఉన్నారుగా. మాకెందుకు పడెయ్యలేదు?"

డ్రైవరు నేలచూపులు చూస్తున్నాడు.

"మీరెవరో నాకు తెలియదమ్మా" అన్నాను.

"అంతేలెండి" అని కళ్ళు మూసుకుంది.

మీ అమ్మ పోయినప్పటినుంచీ ఇదే ప్రశ్న నేను రోజూ పొద్దున్నే పైవాణ్ణి అడుగుతున్నాను. అదే వార్డులో అందరినీ లేపావు, మాకెందుకు లేపలేదని. నీకు ఎప్పుడూ చెప్పలేదు. అదే నా ప్రార్థన. ఏనాడూ జవాబు రాలేదు, నేనూ మానలేదు.

ఇవాళ పొద్దున్న కూడా అలవాటు ప్రకారం కళ్ళు మూసుకుని కూర్చున్నాను. ఏమీ అడగలేదు. ఆయన మీద కొంచెం జాలి వేసింది.

ఇట్లు,
ఇది నీకు తప్ప ఇంకెవరికీ రాయలేని
నాన్న