అత్త ఖాసిం గడపలో కూర్చున్న రోజు

1965 సెప్టెంబరు, గురువారం రాత్రి

ఈ పొద్దు మా అత్తను చూసి నాకు భయమూ అయింది, గర్వమూ అయింది. పాకిస్తాన్‌తో యుద్ధం మొదలైనప్పటి నుంచి ఊర్లో సాయిబులను అనుమానంగా చూస్తాండారు. సాయంత్రం మా మరిది రంగడు పదిమందిని వెంటేసుకొని టైలర్ ఖాసిం ఇంటి మీదికి పోయినాడు. ఖాసిం రేడియోలో పాకిస్తాన్ వార్తలు వింటాండాడంట. ఆ మాట చెవిన పడగానే అత్త పోయి ఖాసిం గడపలో కూర్చున్నది. వెనకాలే నేనూ పోయినాను.

"పక్కకు రామ్మా. వాణ్ని పాకిస్తాన్‌కు పొమ్మని చెప్పల్ల," అన్నాడు రంగడు.

"అది యాడుండాదో ఆయప్పకేం తెలుసురా? తాడిపత్రి దాటి పోయినోడు కాదు. ఆయప్ప మీద చెయ్యి వేయాలంటే ముందు నన్ను ఈడ్చి పారెయ్," అన్నది అత్త, గొంతు పెంచకుండానే.

ఆమె మీద చెయ్యి వేసేదానికి ఎవరికీ మనసు రాలేదు. ఒక్కొక్కరే జారుకున్నారు.

అట్ల కూర్చునే ధైర్యం నాకుండాదా? వాళ్ళు రేపు మళ్ళీ వస్తే...

ఈ రాత్రి ఆడనే పండుకుంటానని అత్త ఇంటికి కబురు చేసి దుప్పటి పంపమనింది. నేను లేచేలోపల రంగడే దాన్ని తీసుకొని పోయినాడు. చంకలో తన చాప కూడా ఉండాది.