పెట్టలని పెట్టిన సంతకం

పోతిరెడ్డిపల్లి, 12-8-1996

చెల్లె ఆగమ్మకు అన్న రాయునది.

సర్కారు ఇచ్చిన ఇరవై కోడిపిల్లల్లో పద్దెనిమిది పుంజులయ్యాయని తెలిసింది. ఫ్యాక్టరీ గేటు కాడ గుడ్లమ్ముకుని బతుకుదామని నువ్వు తెచ్చుకున్నవి.

పంచిన నాడు పిల్లలను చూడమని నాకు చెప్పి నువ్వు వేలిముద్రల వరుసలోకి పోయావు. నెల పిల్లలే అయినా తలమీద జుట్టు ఎర్రబడింది, కాళ్లు లావు. చేతిలోకి తీసుకోగానే తెలిసిపోయింది.

“సారూ, ఇవి పుంజులోలె ఉన్నయి” అన్నాను.

“ఏం తాతా, చదువుకున్నది నువ్వా నేనా?” అన్నాడు పంచే సారు. అందరూ నవ్వారు. సిగ్గేసి, అన్నీ పెట్టలే అని సాక్షి సంతకం పెట్టాను.

నువ్వేమో “మా అన్న చూసిండు, ఇగ ఫికర్ లేదు” అని అందరికీ చెప్పుకున్నావు. పాతవాటి రోగం కొత్తవాటికి అంటుతుందని సారు అంటే, గుడ్లుపెట్టే నీ నాటుకోళ్లను అమ్మేశావు.

మొన్న బేస్తవారం నీ వాకిలి దాకా వచ్చాను. లోపల ఒకటే కూత. “ఎవలు?” అని అడిగావు. వెనక్కి తిరిగి బస్సెక్కాను.

సారును తిట్టకు చెల్లె. ఆయన తెలియక ఇచ్చాడు. నేను తెలిసే సంతకం పెట్టాను.

నీ అన్న